బండి వస్తుందని చెప్పిన రోజు

ఉత్తరాదిలో పొగమంచు పట్టి రైళ్లు గంటల కొద్దీ ఆలస్యంగా నడుస్తున్నాయని టీవీలో చెప్పినప్పుడు మన ఇళ్లల్లో ఎవరూ తల తిప్పి చూడరు. ఎక్కడో ప్లాట్‌ఫారం మీద దుప్పట్లు కప్పుకుని కూర్చున్న జనం, మనకేం సంబంధం అనుకుంటాం. నేను మాత్రం ఆ వార్త వస్తే చివరిదాకా వింటాను. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని. కింద నలుగురు పనిచేసే కుర్చీల్లో కొత్తగా కూర్చోబోయే పిల్లలు ఈ సంగతి వింటే మంచిదని రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఘనకార్యమేమీ లేదని ముందే చెప్పేస్తున్నాను.

మాది మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ. అక్కడ అన్నింటికీ ప్రాణం బాయిలర్. ఆవిరి ఆగితే లోపల ఉడుకుతున్న సరుకంతా పాడైపోతుంది. బాయిలర్ దగ్గర ప్రభుత్వ పరీక్ష పాసై సర్టిఫికెట్ ఉన్న మనిషి ఎప్పుడూ ఒకరు నిలబడి ఉండాలి. అలాంటి మనిషి లేకుండా నడిపితే నేరం, పైగా ప్రమాదం. అందుకని అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి ఎదురుగా నిలబడేదాకా ముందు మనిషి కదలకూడదు. వచ్చాక ఇద్దరూ కలిసి గేజ్ గ్లాసు ఊదాలి. లోపల నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూపించే గాజు గొట్టం అది. ఊదడమంటే కింది కుళాయి తిప్పి దాన్ని ఒకసారి ఖాళీ చేయడం. నీళ్లు మళ్లీ ఎగబాకి తమ గీత దగ్గర నిలవాలి. అప్పుడే అది చూపించేది నిజమని నమ్ముతాం. ఇద్దరూ కళ్లారా చూసి, లాగ్‌బుక్కులో సంతకాలు పెట్టాకే మొదటి మనిషి ఇంటికి పోతాడు.

మా బాయిలర్ దగ్గర అలాంటివాళ్లు ముగ్గురు. ఫ్యాక్టరీలో మనుషులను ఊళ్ల పేర్లతో పిలిచే అలవాటు కాబట్టి ఒకరు లక్డారం, ఒకరు ఇంద్రేశం. మూడో అతను బీహార్ నుంచి వచ్చినవాడు, అతణ్ని అందరూ భాయి అనేవాళ్లు. వాళ్ల మీద ఇన్‌చార్జిని నేను. బాయిలర్ హౌస్‌ను ఆనుకునే నా గది. మధ్యలో అద్దాల కిటికీ. అందులోంచి చూస్తే వాళ్ల వీపులు కనబడేవి.

ఒక డిసెంబరులో భాయి వాళ్ల నాన్న చనిపోయాడని కబురొచ్చింది. సెలవు ఇవ్వాలంటే నాకు భయం. చలికాలంలో అటువైపు వెళ్లినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో చెప్పలేం. పది రోజులిచ్చి పంపుదామనుకున్నాను. అప్పుడు లక్డారం నా గదికి వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఆయిన నాయిన పోయిండు. కర్మలన్ని చేసుకొని రావాలె గద. ఇరవై దినాలు ఇయ్యుండ్రి. మేమిద్దరం పన్నెండు పన్నెండు గంటలు చూసుకుంటం."

"ఇరవై రోజులు పన్నెండు గంటలంటే మాటలా? మీ అమ్మకు ఆయాసం ఎక్కువైందంటివి?"

"మా అవ్వకు దమ్ము ఎప్పటిదే సార్. చలికాలం అట్లనే ఉంటది. ఇయ్యుండ్రి పాపం."

అతను అడిగినందుకే ఇచ్చాను. పోయేటప్పుడే భాయి బండి పొలాల మధ్య పదకొండు గంటలు నిలబడిపోయింది. అక్కడి నుంచి నాకు ఫోన్ చేశాడు. "సార్, గాడీ ఖడీ హై. బాహర్ కుఛ్ దిక్తా నహీ. ఏం కనిపిస్తలేదు సార్," అని ఒకటే ఏడుపు. అతను ఇల్లు చేరేసరికి దహనం అయిపోయింది. నాన్న ముఖం చూడలేదు. ఆ సంగతి లక్డారానికి చెప్పాను. "గింత అన్యాలం ఉంటదా సార్," అన్నాడు.

జనవరి మొదటి వారం దాటాక భాయి తిరుగు ప్రయాణం. బండి సికింద్రాబాద్‌కు పొద్దున పదింటికి రావాలి. ఆ రోజు ఆరింటికి లక్డారం డ్యూటీకి వచ్చాడు, రాత్రంతా నిలబడిన ఇంద్రేశం దిగి ఇంటికి బయలుదేరాడు. మన దగ్గర కూడా ఆ పొద్దున మంచు బాగా కురుస్తోంది. ముత్తంగి జంక్షన్ దగ్గర ఆగి ఉన్న లారీ కనబడక ఇంద్రేశం మోటార్‌సైకిల్ దాని వెనక భాగానికి కొట్టుకుంది. కాలు విరిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, ఉన్న ఇద్దరిలో ఒకరు మంచాన పడ్డారు.

నేను ఫోన్ తీసి భాయి బండి ఎక్కడుందో చూశాను. నాలుగు గంటలు ఆలస్యం అని చూపించింది. పదికి నాలుగు కలిపితే రెండు. స్టేషన్ నుంచి ఫ్యాక్టరీకి రెండు గంటలు. నాలుగింటికి భాయి వచ్చేస్తాడు, లక్డారం ఇంటికి పోతాడు, సమస్య తీరిపోయింది అనుకున్నాను. నా జీవితంలో ఇంత ధైర్యంగా వేసిన తప్పుడు లెక్క ఇంకొకటి లేదు.

లోపలికి సెల్‌ఫోన్లు తేనిచ్చేవాళ్లు కాదు. గేటు దగ్గరే పెట్టించుకునేవాళ్లు. అందుకని ఇళ్ల నుంచి అత్యవసరమైన కబుర్లు నా ఫోన్‌కే వచ్చేవి. పదిన్నరకు లక్డారం వాళ్ల అక్క ఫోన్ చేసింది. తల్లిని మూడు రోజుల కిందటే సంగారెడ్డి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి అన్నారట. ఆ సంగతి నాకు తెలుసు. ఫోన్ తీసుకెళ్లి అతని చెవి దగ్గర పెట్టాను. స్పీకర్ పెట్టకపోయినా ఆమె గొంతు నాకు వినబడింది.

"తమ్మీ, అవ్వ నీ పేరే తీస్తున్నదిరా. దమ్ము ఎగవోస్తున్నది. జెర జల్దీ రారాదురా."

అతను గేజ్ గ్లాసు మీద నుంచి చూపు తీయకుండానే "వస్తనక్కా" అన్నాడు.

పదకొండు గంటలకు నా గది గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాలేదు. ఒక కాలు గుమ్మంలో, ఒక కాలు బాయిలర్ హౌస్‌లో. మనిషి నా వైపు, కళ్లు ఆ గొట్టం వైపు. "సార్..." అని ఆగాడు.

నేనే అందుకున్నాను. ఫోన్ అతని వైపు తిప్పి చూపించాను. "ఇదిగో చూడు, బండి నాగ్‌పూర్ దాటింది. అయిదు గంటలు లేటు. మూడింటికి సికింద్రాబాద్, అయిదింటికి ఇక్కడ. రాగానే నువ్వు వెళ్లిపోదువుగాని."

అతను ఫోన్ చూశాడు. నా ముఖం చూశాడు. "సరే సార్" అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. బాయిలర్ సర్టిఫికెట్ నా దగ్గర కూడా ఉంది. నేను ఆ ఫ్యాక్టరీలో చేరిందే ఆ పని మీద. బొగ్గు పొగలో పదమూడేళ్లు నిలబడి, ఆ తర్వాత ప్రమోషన్ మీద ఆ గదిలోకి వచ్చాను. వచ్చి అప్పటికి పదకొండేళ్లు. నేను ఆ గదిలోకి వచ్చిన మూడేళ్లకు లక్డారం చేరాడు. నేనొకప్పుడు అదే చోట నిలబడ్డానని అతనికి తెలియదనుకున్నాను. నేను ఎవరికీ చెప్పుకోలేదు మరి. సర్టిఫికెట్ ఇంట్లో బీరువాలో, మా అమ్మాయి పదో తరగతి మార్కుల కాగితం కింద ఉండేది.

నేను నిలబడతాను, నువ్వు పో అనడానికి ఎన్ని మాటలు కావాలి? ఆ పొద్దున నాకు చాలా సాకులు దొరికాయి. పదకొండేళ్లుగా చెయ్యి పెట్టలేదన్నాను నాలో నేను. మధ్యాహ్నం బయటి కంపెనీ వాళ్లు ఫ్యాక్టరీ చూడటానికి వస్తారు, వాళ్లతో నేనుండాలన్నాను. పక్క ఫ్యాక్టరీలకు ఫోన్ చేసి ఒక మనిషిని పంపమన్నాను కూడా. వాళ్ల మనుషులూ అవే బండ్లలో ఎక్కడో నిలబడిపోయారు. మేనేజరు దగ్గరికి పోయి బాయిలర్ ఆపుదామా అన్నాను. "బండి వస్తోంది కదండీ, ఎంతసేపు?" అన్నాడాయన. నేను చెప్పిన మాటే మళ్లీ నాకు చెప్పాడు. ఇవన్నీ చేసి నా ప్రయత్నం నేను చేశాననుకున్నాను. నిజం ఏమిటంటే, ఇస్త్రీ చొక్కాతో ఆ అద్దానికి ఇటువైపు ఉండటం నాకు బాగా అలవాటైపోయింది. మళ్లీ అటువైపు నిలబడితే నలుగురూ చూస్తారని సిగ్గు.

రెండింటికి చూస్తే ఏడు గంటల ఆలస్యం. నాకు అర్థం కాలేదు. మంచు అంతా పైన ఉత్తరాన. నాగ్‌పూర్ దాటాక ఎండ కాస్తూనే ఉంది. పోయిన టైము కలుపుకుని రావాల్సిన బండి ఇంకా వెనకబడటం ఏమిటి? తర్వాతి ఆదివారం మా చర్చిలో రైల్వే గార్డుగా రిటైరైన పెద్దాయన్ను అడిగాను. ఆయన నవ్వలేదు. "ఆలస్యమైన బండికి దారి ఉండదయ్యా. దాని వేళ దాటిపోయింది గద. టైముకు నడిచేవాటికి దారిచ్చుకుంటూ దీన్ని పక్కన నిలబెడతరు. ఆలస్యమైంది ఇంకా ఆలస్యమైతది గని తగ్గదు," అన్నాడు. ఫ్యాక్టరీ వాళ్లకు ఈ సంగతి తెలియదు. మా లెక్కలో నాలుగు గంటల ఆలస్యమంటే నాలుగు గంటలే, షిఫ్టు లెక్క లాగా.

రెండున్నరకు వాళ్లక్క మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఫోన్ తల్లి చెవి దగ్గర పెట్టానంది. నేను పరుగున పోయి లక్డారం చేతికిచ్చాను. అటు నుంచి మాటేమీ రావడం లేదు, ఎగశ్వాస చప్పుడు తప్ప. ఇతను ఒక చేతిలో ఫోన్, ఇంకో చేత్తో నీళ్ల పంపు స్విచ్చు పట్టుకుని నిలబడ్డాడు.

"అవ్వా, నేనే. ఇనబడుతుందా? వస్తున్ననే. బండి వస్తున్నదంట. బండి రాంగనే వస్త. కాజీపేట కాడికొచ్చిందంట. జెర ఆగు అవ్వా."

బండి అప్పటికి కాజీపేట దరిదాపుల్లో కూడా లేదు. ఆ పేరు నేనే చెప్పాను, ధైర్యం కోసం. పోబోయే తల్లికి కొడుకు ఒక రైలుబండి సంగతి చెబుతుంటే నేను పక్కనే నిలబడి విన్నాను. విని కూడా నా గదికి తిరిగి వచ్చాను.

మధ్యాహ్నం కంపెనీ వాళ్లు వచ్చారు, టీ తాగారు, బాయిలర్ హౌస్ శుభ్రంగా ఉందని మెచ్చుకుని పోయారు. నాలుగున్నరకు బండి తొమ్మిది గంటలు ఆలస్యం. అప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. అయినా ఇంకో అరగంట, ఇంకో పావుగంట అని ఫోన్ చూస్తూనే కూర్చున్నాను. అయిదూ ఇరవైకి ఫోన్ మోగింది. వాళ్లక్క కాదు, ఎవరో మగ గొంతు. రెండే మాటలు చెప్పి పెట్టేశాడు.

అద్దంలోంచి చూశాను. అతను నా వైపే చూస్తున్నాడు. ఫోన్ మోగడం వినబడదు ఆ చప్పుడులో. అయినా ఎలా తెలిసిందో.

నేను లోపలికి పోయి చొక్కా చేతులు పైకి మడిచాను. "నువ్వు పో. నేను నిలబడతాను. నాకు సర్టిఫికెట్ ఉంది," అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ మాట అప్పుడు వచ్చింది నా నోటి నుంచి. అతను ఏడవలేదు. నాకు సర్టిఫికెట్ ఉండటమేమిటని అడగలేదు. ఆశ్చర్యపోనైనా లేదు. దుఃఖంలో నా మాట చెవికెక్కలేదనుకున్నాను.

"గేజ్ ఊదుదాం రాండి సార్," అన్నాడు.

"అదంతా నేను చూసుకుంటాలే, నువ్వు బయలుదేరు."

"అట్ల కాదు సార్. చూసి తీస్కోండి."

కింది కుళాయి తిప్పాడు. నీళ్లు బుస్సుమని దిగిపోయాయి. కట్టేశాడు. నీళ్లు వణుకుతూ పైకి ఎక్కి గీత దగ్గర నిలిచాయి. ఇద్దరం చూశాం. ప్రెషర్ ఎంతుందో, బొగ్గు ఎంత మిగిలిందో, పంపు ఎక్కడ కొంచెం శబ్దం చేస్తోందో అన్నీ చెప్పాడు. లాగ్‌బుక్కులో టైము రాసి సంతకం పెట్టి పెన్ను నాకిచ్చాడు. పదకొండేళ్ల తర్వాత నేను మళ్లీ ఆ గడిలో సంతకం పెట్టాను. అతను మూల ఉన్న టిఫిన్ డబ్బా తీసుకుని గేటు వైపు నడిచాడు. వాళ్ల ఊరు అక్కడి నుంచి మోటార్‌సైకిల్ మీద పావుగంట.

నా చేతులు ఏమీ మరిచిపోలేదు. పది నిమిషాల్లో పనంతా గుర్తొచ్చింది. అదే నాకు ఎక్కువ శిక్షగా తోచింది. పదకొండేళ్లుగా చెయ్యి పెట్టలేదన్న సాకు కూడా మిగల్లేదు. సరుకు ఉడికే రియాక్టర్ల దగ్గరి కుర్రాళ్లు వచ్చి చూశారు, ఎవరూ నవ్వలేదు. ఒకతను టీ తెచ్చిచ్చాడు. నేను సిగ్గుపడి కూర్చున్నదంతా దీనికోసమా అనిపించింది.

భాయి తొమ్మిదిన్నర దాటాక వచ్చాడు. స్టేషన్ నుంచి తిన్నగా, సంచీ భుజానే ఉంది, గుండు మీద మఫ్లరు. నన్ను బాయిలర్ ముందు చూసి ఆగిపోయాడు. సంగతి చెప్పగానే సంచీ కింద పడేసి నేల మీద కూలబడ్డాడు. "మేరీ వజహ్ సే," అన్నాడు. నా వల్లనే అని. కాదని చెప్పాను. ఎవరి వల్లనో మాత్రం చెప్పలేదు.

మర్నాడు పక్క ఫ్యాక్టరీ మనిషి ఒకతను వచ్చి బాయిలర్ దగ్గర నిలబడితే, ముగ్గురం లక్డారం ఊరికి పోయాం. భాయి, నేను, హాజరు చూసే టైమ్ ఆఫీసు అతను. అంతకు ముందే కార్యం అయిపోయింది. లక్డారం కూడా గుండు చేయించుకుని అరుగు మీద కూర్చున్నాడు. భాయి పోయి కాళ్లు పట్టుకోబోతే అతను లేపి గట్టిగా పట్టుకున్నాడు.

"నీ తప్పేముంది భాయ్? నీకు మీ నాయిన దక్కలె, నాకు మా అవ్వ దక్కలె. మంచుది తప్పు," అన్నాడు.

ఇద్దరు గుండ్ల మనుషులు అలా ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే ఊరివాళ్లందరూ కళ్లొత్తుకున్నారు. నేను చెప్పులు చేతిలో పట్టుకుని పక్కన నిలబడ్డాను. మంచుది తప్పు అన్న మాట నాకు చాలా సౌకర్యంగా అనిపించింది. దాన్ని పట్టుకుని ఏడేళ్లు గడిపాను. మా చర్చిలో దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి ప్రమోషన్ గురించి చెప్పాను, అమ్మాయి పెళ్లి గురించి చెప్పాను. ఈ సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు. ఒక్క పని మాత్రం చేశాను. ఆ తర్వాత ఏ చలికాలంలో మనిషి తక్కువైనా నేనే పోయి నిలబడ్డాను. ఎవరూ అడగకముందే.

రిటైరైన రోజు శాలువా కప్పి, ఫొటోలు తీసి, స్వీటు పెట్టారు. అంతా అయ్యాక లక్డారం నన్ను గేటు దాకా దింపడానికి వచ్చాడు. ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"ఆ రోజు పొద్దున్నే నేను నిలబడగలిగేవాణ్ని. సర్టిఫికెట్ అప్పుడూ ఉంది. నీకు చెప్పలేదు," అన్నాను.

"నాకు ఎరుకే సార్."

"ఎట్లా తెలుసు?"

"బాయిలర్ హౌస్‌ల పాత లాగ్‌బుక్కులు ఉంటయ్ గద. కొత్తగ చేరినప్పుడు రాసుడు నేర్చుకుందామని తీసి చూసిన. పేజీ పేజీకి మీ సంతకమే ఉండె. ఆ దినం పదకొండు కొట్టంగ నేను మీ కాడికి వచ్చింది బండి సంగతి అడగనీకి కాదు సార్. మీరు జెర నిలబడుతరా అని అడగనీకి వచ్చిన. మీరు ఫోన్ తీసి చూపెట్టిన్రు. ఇగ అడగలె."

"అడగాల్సిందిరా. నేను కాదనేవాణ్నా?"

అతను కోపంగా కాదు, నిజంగానే నా ప్రశ్నకు జవాబు వెతుకుతున్నట్టు అన్నాడు.

"ఏమో సార్. మీరు కాదనకపోదురు. గని ఒకవేళ కాదంటే? అవ్వ ఎట్లైన పోయేదే ఉండె. మీరు కాదన్నంక, తెల్లారి నుంచి మీ మొకం చూసుకుంట ఎట్ల పనిచేయాలె అని భయమైంది."

భుజం మీంచి జారుతున్న నా శాలువా సరిచేసి, షిఫ్టు టైమవుతోందని లోపలికి వెళ్లిపోయాడు.